‘ఈ కథ చదువు’ అని చెప్పే ముందు

(పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

ముందుగా నా వల్ల జరిగిన ఒక పొరపాటు చెబుతాను. ఈ రోజు మాట్లాడబోయేదంతా అక్కడి నుంచే మొదలైంది.

కొన్నేళ్ల కిందట నా స్నేహితురాలు ఒకామె ఫోన్ చేసి, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, చదువుకోవడానికి ఏదైనా పంపు అంది. అప్పటికి ఆమె భర్త పోయి ఐదు నెలలు. ఆమెకు షెర్లాక్ హోమ్స్ అంటే ప్రాణం. నాకు బాగా నచ్చిన ఫ్యాన్ ఫిక్షన్, అంటే వేరొకరి పాత్రలతో అభిమానులు రాసుకునే కథ, ఒకటి ఉంది. చచ్చిపోయాడనుకున్న హోమ్స్ మూడేళ్ల తర్వాత తిరిగొస్తాడు కదా, ఆ వచ్చిన తొలి వారం ఎలా గడిచిందో ఒక అభిమాని రాసిన కథ. ‘హోమ్స్ తిరిగొస్తాడు, మనసు తేలికపడుతుంది, చదువు’ అని ఒక ముక్క రాసి లింకు పంపేశాను.

ఆ కథ మధ్యలో ఒకచోట హోమ్స్ స్నేహితుడు వాట్సన్ సొరుగు తెరుస్తాడు. అందులో చనిపోయిన భార్య చేతి తొడుగులు ఉంటాయి. వేళ్ల దగ్గర ఆమె వేళ్ల ఆకారం ఇంకా పోలేదు. సర్దబోయి, ముట్టుకుంటే ఆ ఆకారం చెడుతుందని చెయ్యి వెనక్కి తీసుకుని సొరుగు మూసేస్తాడు. అంతే, ఐదారు వాక్యాలు. నేను ఆ కథను హోమ్స్ కోసం చదివాను. సొరుగు సంగతి నాకు గుర్తే లేదు. నా స్నేహితురాలు అక్కడే ఆగిపోయింది.

రెండు రోజుల తర్వాత మాట్లాడినప్పుడు ఆమె అన్నది ఇది: ‘రాసినవాళ్లు చాలా బాగా రాశారు. వాళ్లమీద నాకేం లేదు. నువ్వు ఒక మాట చెప్పి ఉండాల్సింది.’

ఆ కథ ఉన్న చోటు ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్, అభిమానులు తమ కథలు పెట్టుకునే వెబ్‌సైటు. మనలో చాలామంది ఏవోత్రీ అంటాం. అక్కడ కథ పెట్టేవాళ్లు ప్రతి కథకూ హెచ్చరికల విషయం తేల్చి చెప్పాలి. తీవ్రమైన హింస, ముఖ్య పాత్ర మరణం, అత్యాచారం, మైనర్లతో లైంగిక విషయాలు అని నాలుగు హెచ్చరికలున్నాయి. వీటిలో ఏవీ లేవనైనా చెప్పవచ్చు, హెచ్చరికలు చెప్పదలచుకోలేదనైనా చెప్పవచ్చు. నేను పంపిన కథకు ‘ఏవీ లేవు’ అని ఉంది. అందులో అబద్ధం లేదు. వాట్సన్ భార్య కథ మొదలవకముందే పోయింది. కథలో ఎవరూ చనిపోరు. కథలో ఏముందో చెప్పడానికి తగిలించే ట్యాగుల్లో వెతికినా ఆ చేతి తొడుగులు దొరకవు. రాసినవారికి నా స్నేహితురాలు ఎవరో తెలియదు, ఆమెకేం జరిగిందో తెలియదు. తెలిసినదాన్ని నేను. కథా తెలుసు, మనిషీ తెలుసు. ఆ రెండూ తెలిసినవాళ్లు మధ్యలో ఒక్కరే ఉంటారు, చదవమని చెప్పేవాళ్లు. అందుకే ఈ పని నాకు చిన్నదిగా అనిపించదు.

ఇక ఏ కథ ఎంచుకుంటాను అన్నదానికి వస్తాను. హోమ్స్ నే ఉదాహరణగా పట్టుకుంటాను, ఎందుకంటే ఈ గదిలో ఎక్కువమందికి తెలిసిన పాత్ర అది.

హోమ్స్ ను సృష్టించిన రచయిత ఆర్థర్ కోనన్ డాయిల్ 1893లో అతన్ని చంపేశాడు. మళ్లీ బతికించి తీసుకొచ్చింది 1903లో. కథల్లోని కాలం ప్రకారం 1891 నుంచి 1894 వరకు హోమ్స్ లేడు. ఆ మూడేళ్లలో ఎక్కడెక్కడ తిరిగాడో హోమ్స్ నాలుగు మాటల్లో చెప్పేస్తాడు. వాట్సన్ సంగతి ఇంకా విచిత్రం. ఆ మూడేళ్లలో అతని భార్య చనిపోయింది. మనకు ఆ సంగతి ఎలా తెలుస్తుందో తెలుసా? నాకు కలిగిన దుఃఖం గురించి హోమ్స్ కి ఎలాగో తెలిసింది అని వాట్సన్ ఒక్క ముక్క అంటాడు. అక్కడ ఆమె పేరు కూడా ఉండదు. తర్వాతి వాక్యానికల్లా పనిలో పడిపోతారు.

ఫ్యాన్ ఫిక్షన్ పుట్టేది సరిగ్గా ఇలాంటి చోట. మూలకథ నోరు మూసుకున్న చోట. నేను ఏ కథనైనా తెరిచి మొదట చూసేది ఇదే: ఇది మూలంలో నిజంగా ఉన్న ఖాళీలోకి వెళ్తోందా, లేక లేని ఖాళీని తవ్వుతోందా? డాయిల్ తొందరలో వదిలేసిన తప్పులు కూడా మంచి ఖాళీలే. వాట్సన్ కి యుద్ధంలో తగిలిన తూటా గాయం మొదటి నవలలో భుజానికి, రెండో నవలకు వచ్చేసరికి కాలికి. అతని పేరు జాన్, కానీ ఒక కథలో భార్య అతన్ని జేమ్స్ అని పిలుస్తుంది. డొరతీ సేయర్స్ అనే రచయిత్రి దీన్ని పట్టుకుని ఒక వివరణ ఇచ్చింది. జాన్ హెచ్ వాట్సన్ లో ఆ ‘హెచ్’ అంటే హామిష్ అయ్యుండాలి, అది జేమ్స్ కి స్కాట్లండ్ రూపం, భార్య ముద్దుగా అలా పిలిచి ఉంటుంది అని. డాయిల్ మరిచిపోయి రాసి ఉంటాడు, అంతే. కానీ ఆ మరపులోంచి భార్యాభర్తల మధ్య ఒక ముద్దుపేరు పుట్టింది చూడండి! మంచి అభిమాని చదివే తీరు అది. తప్పు దొరికిందని సంబరపడి ఊరుకోకుండా, దాని వెనక మనుషులు ఎలా ఉండి ఉంటారా అని ఆలోచించడం.

రెండోది గొంతు. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, కాబట్టి కాస్త ఎక్కువసేపు ఉంటాను.

ఒక చిన్న ఉదాహరణ కల్పించి చెబుతాను, ఇది ఎవరి కథా కాదు. హోమ్స్ తిరిగొచ్చిన మర్నాడు పొద్దున. ఒక కథలో వాట్సన్ హోమ్స్ ఎదురుగా నిలబడి, ఈ మూడేళ్లు నేనెంత నరకం అనుభవించానో తెలుసా, ఒక్క ఉత్తరం రాయలేకపోయావా అని పేజీన్నర మాట్లాడతాడు. కన్నీళ్లు పెట్టుకుంటాడు. ఇంకో కథలో హోమ్స్ టీ కప్పు కోసం చెయ్యి చాపుతాడు. ‘చల్లారిపోయింది, వేరేది తెప్పిస్తాను’ అంటాడు వాట్సన్. అని లేవడు. కప్పూ వదలడు. హోమ్స్ చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, తర్వాత వెనక్కి వెళ్తుంది.

మొదటిదాంట్లో ఉన్న బాధ అబద్ధమని నేననను. కానీ పెళ్లాం పోయిన సంగతిని ఒక్క ముక్కలో దాటేసిన మనిషి పేజీన్నర మాట్లాడతాడా? అతను మాట్లాడని మనిషి కాబట్టే మనకు ఆ ఖాళీ దొరికింది. ఖాళీని నింపే ఉత్సాహంలో మనిషినే మార్చేస్తే, ఇక ఆ కథ వాట్సన్ ది కాదు. పేరు తీసేసి చదివినా ఇది ఫలానా మనిషి మాటే అని నాకు అనిపించాలి. అనిపించకపోతే, కథ ఎంత బాగున్నా అది వేరే కథగా బాగుంది అంటాను, చదవమని మాత్రం చెప్పను.

ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. అభిమానులు చాలాకాలం ఒకరి కథలు ఒకరు చదివీ చదివీ, మూలంలో లేనివి కూడా ఉన్నట్టే నమ్మేస్తారు. దాన్ని ఫ్యానన్ అంటారు. హోమ్స్ అనగానే చాలామందికి గుర్తొచ్చే మాట ‘ఎలిమెంటరీ, మై డియర్ వాట్సన్’. డాయిల్ రాసిన 4 నవలల్లో, 56 కథల్లో ఎక్కడా ఆ మాట ఆ రూపంలో లేదు. ఫ్యానన్ చెడ్డదని కాదు. చాలాసార్లు మూలం కంటే అందంగా ఉంటుంది కూడా. కానీ రాసేవాళ్లు మూలకథ మళ్లీ తెరిచి చూశారా, లేక పది ఫిక్కులు, అంటే తోటి అభిమానుల కథలు, చదివి పదకొండోది రాశారా అన్నది మూడో పేరాకల్లా తెలిసిపోతుంది. మొదటి రకానికి నేను ఎంత దూరమైనా వెళ్తాను.

ఏయూ, అంటే ఆల్టర్నేట్ యూనివర్స్ కథల గురించి అడుగుతారు. అంటే పాత్రల్ని మరో లోకంలో, మరో కాలంలో, మరో ఉద్యోగంలో పెట్టి రాసేవి. వాటికీ నా కొలత మారదు. చుట్టూ ఉన్నదంతా తీసేసిన తర్వాత మనిషి మిగిలాడా లేదా, అంతే.

ఒక విషయంలో నేను చాలామందితో విభేదిస్తాను. మూలం తెలియని వాళ్లకు కూడా అర్థమయ్యేదే గొప్ప ఫ్యాన్ ఫిక్షన్ అంటుంటారు. పొగడ్తగానే అంటారు. నాకది పొగడ్తగా అనిపించదు. ఆ సొరుగులో చేతి తొడుగులు ఎందుకంత బరువుగా ఉన్నాయి? డాయిల్ ఆమెకు ఒక్క ముక్కే ఇచ్చాడని మనకు తెలుసు కాబట్టి. మూలం తెలియనివాళ్లకు అవి మామూలు చేతి తొడుగులే. ఆనుకుని నిలబడటం ఈ ప్రక్రియకు లోపం కాదు, అదే దాని బలం. అందుకే దీనికి గౌరవం తేవడానికి పురాణాలను తిరగరాసిన మహాకవులందరినీ సాక్ష్యానికి పిలవడం కూడా నాకు ఇష్టం ఉండదు. రాసిన మనిషి ఒక పాత్రను వదల్లేక రాత్రంతా కూర్చుని రాసింది. ఆ ప్రేమ చాలు, వేరే సిఫార్సు అక్కర్లేదు.

భాష సంగతి త్వరగా చెప్పేస్తాను. అక్షరదోషాలు నన్ను ఆపవు. చాలామంది తమది కాని భాషలో రాస్తారు, చాలామందికి ఇదే మొదటి కథ. పదిహేనేళ్ల పిల్ల రాసిన తొలి కథలో వ్యాకరణం వెతికే ఓపిక నాకు లేదు, వెతికే హక్కూ లేదు. దీనితోపాటే ఒక మాట. ‘మేరీ స్యూ’ అనే పేరు మీరు వినే ఉంటారు. 1973లో పౌలా స్మిత్ అనే ఆవిడ స్టార్ ట్రెక్ అనే టీవీ సీరియల్ అభిమానుల పత్రికలో ఒక చిన్న వెక్కిరింపు కథ రాసింది. అందులో మేరీ స్యూ పదిహేనున్నరేళ్ల అమ్మాయి, అన్నీ వచ్చు, అందరికీ ఇష్టం. ఆ పేరు అప్పటి నుంచి అలాంటి పాత్రలకు వెక్కిరింపుగా స్థిరపడిపోయింది. తమను తాము కథలో పెట్టుకుని రాసిన ఎంతమంది ఆడపిల్లలు ఆ ఒక్క మాట పడి కలం పక్కన పెట్టేసి ఉంటారో! నా నోట ఆ మాట రాదు. కథ నచ్చకపోతే ఊరుకుంటాను. నచ్చనివాటి జాబితా నేనెప్పుడూ బయటపెట్టలేదు, పెట్టను. డబ్బు తీసుకోకుండా రాసినవాళ్లకు మన నుంచి దక్కేది కనీసం ఆ మర్యాద.

అంకెల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది వాటినే చూసి ఎంచుకుంటారు. ఏవోత్రీలో కథలు కోటి దాటిపోయాయి. అంతలో ఏదో ఒకటి చూసి వడకట్టుకోక తప్పదు కాబట్టి, కుడోస్, అంటే కథ నచ్చిందని పాఠకులు నొక్కే మెచ్చుకోలు, ఎక్కువున్నవి పైకి తెచ్చుకుని చదువుతారు. కానీ ఆ కుడోస్ ఎలా పడతాయో చూడండి. ఒక పాఠకుడు ఒక కథకు ఒక్కసారే ఇవ్వగలడు. అరవై అధ్యాయాల నవలకూ ఒకటే, రెండు పేజీల కథకూ ఒకటే. హిట్లు, అంటే కథను ఎన్నిసార్లు తెరిచారన్న లెక్క, అలా కాదు, కొత్త అధ్యాయం వచ్చినప్పుడల్లా పాతవాళ్లే మళ్లీ వస్తారు, పెరుగుతుంటాయి. కాబట్టి రెండిటినీ భాగించి ‘నిష్పత్తి’ చూసేవాళ్లు పొడవైన కథలకు తెలియకుండానే అన్యాయం చేస్తున్నారు. ఇక పెద్ద అభిమాన లోకంలో మామూలు కథకు వేలల్లో వస్తే, పాతికమంది కూడా లేని లోకంలో అద్భుతమైన కథకు పదకొండు వస్తాయి. వేలు వచ్చిన కథను నేను చెప్పకపోయినా నష్టం లేదు, అది దానంతటదే దొరుకుతుంది. ఆ పదకొండు వచ్చిన కథ కోసమే చెప్పేవాళ్లు కావాలి.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. స్టార్ ట్రెక్ అభిమానుల తొలి పత్రిక స్పోకనేలియా 1967లో వచ్చింది. అప్పట్లో పత్రిక కావాలంటే డబ్బు పోస్టులో పంపి, వారాల తరబడి ఎదురుచూడాలి. ఫలానా సంచికలో కథ బాగుందని ఎవరైనా ఉత్తరం రాస్తే, ఆ మాట మీద డబ్బు, కాలం రెండూ పెట్టేవాళ్లు. 1998లో ఫ్యాన్ ఫిక్షన్ డాట్ నెట్, 2009లో ఏవోత్రీ వచ్చాక డబ్బు ఖర్చు పోయింది. కానీ చదివేవాళ్ల రాత్రి ఇప్పటికీ ఖర్చవుతుంది. లక్ష పదాల కథ చదవమంటున్నామంటే ఒక మనిషి వారం రోజుల సాయంత్రాలు అడుగుతున్నామని అర్థం.

కాబట్టి నేను చెప్పే ముందు ఏం చేస్తానంటే, కథ రెండోసారి చదువుతాను. తప్పకుండా. మొదటిసారి నాకోసం, రెండోసారి ఎవరికి చెప్పబోతున్నానో వాళ్లను మనసులో పెట్టుకుని. రెండోసారి చదివినప్పుడే సొరుగులు కనిపిస్తాయి. పంతొమ్మిదేళ్లప్పుడు ప్రాణంగా ప్రేమించిన కథ ఒకటి ఈ మధ్య మళ్లీ చదివాను. అందులో నాయకుడు ఆమె వద్దంటున్నా వెంటపడటం అప్పట్లో నాకు ప్రేమలా కనిపించింది. ఇప్పుడు భయమేసింది. అంతకుముందు ఆ కథ చెప్పిన ముగ్గురికీ రాశాను, నా అభిప్రాయం మారింది అని. కథను తిట్టలేదు. నా మాట మాత్రం వెనక్కి తీసుకున్నాను.

రాసినవాళ్లు నాకు స్నేహితులైతే, స్నేహితులని ముందే చెబుతాను. పెద్దలకు మాత్రమే అని గుర్తు ఉన్న కథను, అడిగినవాళ్ల వయసు తెలియకపోతే చెప్పను. బతికున్న నిజమైన మనుషుల మీద రాసిన కథలు అసలే చెప్పను. ఇది నా నియమం, మీకు ఉండాలని లేదు.

(సభలో నుంచి: పూర్తికాని కథల్ని చెబుతారా?)

చెబుతాను, కానీ పూర్తి కాలేదని మొదటి వాక్యంలోనే చెబుతాను. చివరి అధ్యాయం ఎప్పుడు వచ్చిందో కూడా. నాలుగేళ్లుగా ఆగిపోయినవి ఉంటాయి. ఆగిన చోటు కూడా ఒక ముగింపులా ఉంటే, ‘పన్నెండో అధ్యాయం దగ్గర ఆపేయొచ్చు, లోటనిపించదు’ అని రాస్తాను. కానీ ఒకటి అడుగుతాను. అక్కడికి వెళ్లి ‘తర్వాతిది ఎప్పుడు?’ అని వ్యాఖ్య పెట్టకండి. ఏ వాక్యం నచ్చిందో పెట్టండి. ఎన్నో ఏళ్లు ఆగిన కథ ఒకటి, అలాంటి ఒక్క వ్యాఖ్య తర్వాత మళ్లీ మొదలవడం నేను కళ్లారా చూశాను.

(సభలో నుంచి: తీసేసిన కథలు? మన దగ్గర కాపీ ఉంటే పంచుకోవచ్చా?)

ఇది నన్ను చాలాకాలం వేధించిన ప్రశ్న. ఏవోత్రీలో ఏ కథనైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ఈపబ్, పీడీఎఫ్, ఏది కావాలంటే అది. కాబట్టి మన దగ్గర కాపీలుంటాయి. రాసినవాళ్లకు కథ ఉంచి తమ పేరు మాత్రం తీసేసుకునే దారి కూడా అక్కడ ఉంది. ఆర్ఫన్ చేయడం అంటారు. అలా వదిలిన కథను నిస్సంకోచంగా చెబుతాను, అది ఉండాలనే వాళ్లు కోరుకున్నారు కదా. ఆ దారి ఉండి కూడా మొత్తం తీసేశారంటే దానికేదో కారణం ఉంటుంది. ఉద్యోగం కావచ్చు, ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండొచ్చు, తమ రాతే తమకు నచ్చకపోయి ఉండొచ్చు. పంచుకోవచ్చని వాళ్లే చెప్పి ఉంటే తప్ప, నా కాపీ నా దగ్గరే ఉంటుంది. బాధగానే ఉంటుంది. నాకెంతో ఇష్టమైన కథల్లో మూడు ఇప్పుడు ఎక్కడా లేవు. వాటి గురించి ఎవరికీ చెప్పలేను.

సమయం అయిపోతోంది. చివరగా, నేను చెప్పే తీరు ఎలా మారిందో మీకు చూపిస్తాను. అప్పుడు నా స్నేహితురాలికి పంపిన ఆ ఒక్క ముక్క మీకు గుర్తుంది కదా. అదే కథకు ఇప్పుడు నా నోట్‌బుక్‌లో ఉన్నది చదువుతాను. కథ పేరు, రాసినవారి పేరు ఇక్కడ చెప్పడం లేదు, ఈ సభలో చెప్పవచ్చా అని నేను వారిని అడగలేదు.

‘హోమ్స్ తిరిగొచ్చిన తొలి వారం. పూర్తయిన కథ, ఒక సాయంత్రం పడుతుంది. మూలంలో తిరిగొచ్చే కథ చదివి ఉంటేనే తెరవండి. వాట్సన్ మాట్లాడడు, అతని చేతులు మాట్లాడతాయి. నవ్వు వస్తుంది, ముఖ్యంగా బూట్ల సన్నివేశంలో. భార్య పోయిన మనిషి కథ ఇది, హెచ్చరికల్లో కనిపించదు. మధ్యలో, అతను పడకగదిలోకి వెళ్లిన తర్వాత ఒక సొరుగు తెరుస్తాడు. ఆ దుఃఖం మీకు దగ్గరలో ఉంటే ఆ పేరా వదిలేసి, గడియారం మోగే దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి, కథ తెగదు. లేదా ఇప్పుడు వద్దనుకుంటే పక్కన పెట్టండి. ఎప్పుడైనా చదవాలనిపిస్తే నాకు చెప్పండి, నేనూ ఆ రాత్రి మళ్లీ చదువుతాను.’